స్విచ్చి మీదికి వెళ్ళే చెయ్యి

ఈ మధ్య ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కొత్తగా ఒక హైస్కూల్లో కంప్యూటరు టీచరుగా చేరిందట. "మేడమ్, మొదటి క్లాసులో ఏం చెప్పమంటారు?" అని అడిగింది. కాఫీ ఇచ్చి, బందరు ఎండల గురించి నాలుగు మాటలు మాట్లాడి పంపించేశాను. జవాబు తెలియక కాదు. గుమ్మంలో నిలబడి చెప్పే జవాబు కాదది. ఆ అమ్మాయి కోసం, ఆమెలాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను లెక్కల టీచరుగా ఉద్యోగంలో చేరాను. మధ్యలో కంప్యూటరు నెత్తిన పడింది. గుడివాడలో రిటైరయ్యాను. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టరు గొడవలు ఇందులో రాయను. వాటి గురించి మాట్లాడుకోవడానికి పెన్షనర్ల సంఘం ఉంది.

బందరులో మాకు నేర్పిన తీరు

తొంభైల్లో, ఒక వేసవి సెలవుల్లో, మమ్మల్ని శిక్షణకని బందరు పిలిచారు. ఒక కాలేజీ హాల్లో కూర్చోబెట్టారు. శిక్షకుడు కుర్రాడు, మంచివాడే. కాకపోతే కంప్యూటరు ఎవరు కనిపెట్టారు, ఎన్ని తరాలు మారింది, ఏ తరంలో ఏ పరికరం వాడారు అనే దాంతోనే పొద్దంతా గడిపేశాడు. కంప్యూటర్లు మా వెనకాలే ఉన్నాయి, ముసుగులు కప్పుకుని. మధ్యాహ్నం కరెంటు పోయేది. చివరి రోజున మమ్మల్ని వరుసలో నిలబెట్టి తలా ఒక కీ నొక్కించారు. నా ముందున్న సైన్సు మాస్టారు నొక్కబోయే ముందు వేలిని జేబురుమాలుతో తుడుచుకున్నారు. ఎవరికీ నవ్వు రాలేదు. మా అందరికీ అంతే భయంగా ఉంది.

అలా నేర్చుకున్నవాళ్ళం పిల్లలకు కూడా అలాగే నేర్పబోయాం. మీకు నా మొదటి సలహా ఇదే: ఆ తరాల పాఠం పుస్తకంలో ఉంటుంది, పిల్లలు చదువుకుంటారు, పరీక్షలో రాసుకుంటారు. దాని కోసం ఒక్క పీరియడు కూడా తగలెయ్యకండి.

తాళం

అప్పట్లో నేను పనిచేసిన బడి దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉండేది. మా హెడ్మాస్టరు విశ్వనాథంగారు తెలుగు పండితులు. పంచె, ఉత్తరీయం, చేతిలో గొడుగు. ఆయన వరండాలో అడుగు పెడితే చివరి గది దాకా నిశ్శబ్దం వచ్చేది.

బడికి కంప్యూటర్లు వచ్చిన రోజున ఆయన వాటికి కొబ్బరికాయ కొట్టించారు. కుంకుమబొట్లు పెట్టించారు. వాటికి ముసుగులు కుట్టించారు. ఆ తర్వాత గదికి తాళం వేసి, చెవి తన మొలతాడుకు కట్టుకున్నారు. పిల్లలు పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి, వరుసలో లోపలికి వెళ్ళి, చూసి, బయటికి వచ్చేవాళ్ళు. గుడికి వెళ్ళొచ్చినట్టే ఉండేది.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, ఇవి వాడటానికి ఇచ్చారండీ. పిల్లలు ముట్టుకోకుండా ఎలా వస్తుందండీ చదువు?"

ఆయన కోప్పడలేదు. "అమ్మా, ఉప్పెన వచ్చినప్పుడు మీరు ఈ సీమలో లేరు" అన్నారు. "నేనున్నాను. ఈ బడి లైబ్రరీ అంతా బురదైపోయింది. సైన్సు గదిలో ఒక్క గాజు పరికరం మిగల్లేదు. నీళ్ళు తీశాక పుస్తకాలు ఒక్కొక్క పేజీ విడదీసి నేనే ఎండలో ఆరబెట్టాను. సగం దక్కలేదు. మళ్ళీ వాటిని సంపాదించడానికి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగానో మీకు తెలియదు. మా ఊరికి వచ్చిన వస్తువు పోతే మళ్ళీ రాదు."

ఆ మాటలు విన్నాక ఆయన మీద కోపం సగం పోయింది. మిగతా సగం అలాగే ఉంది. మంచి కారణం ఉన్నా తాళం తాళమే కదా.

నేను కంప్యూటరు నేర్చుకున్నది సాయంత్రాలు బడి వదిలాక, ఆ గదిలోనే. చెవి నాకు ఇచ్చేవారు కాదు. నేను లోపల కూర్చుంటే ఆయన గుమ్మం బయట కుర్చీ వేసుకుని తెలుగు పేపర్లు దిద్దుకునేవారు. నేను ఒక్కోసారి తలపట్టుకుని కూర్చునేదాన్ని, ఒక్కోసారి నాలో నేనే తిట్టుకునేదాన్ని. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి మళ్ళీ పేపర్లలో తల దూర్చేవారు. తను మాత్రం ఎన్నడూ లోపలికి వచ్చి ఒక్క కీ నొక్కలేదు.

వరండాలో పెట్టెలు

గది తెరవనప్పుడు ఏం చెయ్యాలి? వరండా ఉంది. సుద్దముక్కతో నేల మీద గళ్ళు గీసేదాన్ని. ఒక్కో గడిలో ఒక్కో పిల్లను నిలబెట్టి, పక్కన ఎలిమెంటరీ బడి నుంచి అడిగి తెచ్చిన పలక చేతికిచ్చేదాన్ని. ఆ పిల్ల ఒక పెట్టె. పెట్టెకు ఒక పేరు, పలక మీద ఒక అంకె. ఇంకో పిల్ల కంప్యూటరు. నేను బోర్డు మీద రాసిన ఆజ్ఞలు ఒక్కొక్కటే చదివి, ఉన్నది ఉన్నట్టు చెయ్యడమే ఆ పిల్ల పని. సొంత తెలివి వాడకూడదు.

ఒకరోజు రెండు పెట్టెల్లో అంకెలు అటూ ఇటూ మార్చమన్నాను. మొదటి పలక మీద ఉన్నది రెండో పలక మీద రాశారు. రెండోదాని మీద ఉన్నది మొదటిదాని మీద రాశారు. తీరా చూస్తే రెండింటి మీదా ఒకటే అంకె.

"టీచర్, నాది పోయింది!" అని రెండో పెట్టె ఏడుపు మొహం పెట్టింది.

అందరూ బిక్కమొహం వేశారు. వెనక వరుసలోంచి ఒక గొంతు మెల్లిగా వచ్చింది. "ఇంకో ఖాళీ పలక కావాలి టీచర్. దాంట్లో ముందు దాచుకోవాలి."

అలా నాకు నాంచారి పరిచయమైంది. హంసలదీవి దగ్గర ఒక జాలరిపల్లె నుంచి వచ్చేది, తొమ్మిదో తరగతి. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎవరైనా తన వైపు చూస్తే తల దించేసుకునేది. ఆ పల్లె నుంచి ఆడపిల్లలు హైస్కూలుకు రావడం అరుదు. విశ్వనాథంగారే ఆ పల్లెకు వెళ్ళి, వాళ్ళ నాన్నతో వాదించి, ఆరో తరగతిలో చేర్పించారట. ఆ సంగతి ఎవరు కనపడినా గర్వంగా చెప్పేవారు.

ఆ ఆటలో ఇంకో నియమం ఉండేది. ఎవరైనా లేని పెట్టె పేరు పిలిస్తే, కంప్యూటరు పిల్ల "ఆ పేరుతో పెట్టె లేదు!" అని అరవాలి. ఒక మాటను పెట్టె పేరనుకోకుండా ఉన్నదున్నట్టు తెర మీద చూపించమనాలంటే, ఆ మాటకు అటూ ఇటూ గుర్తులు పెట్టాలి. కొటేషన్ గుర్తులు. పిల్లలు వాటిని కొమ్ములు అనేవాళ్ళు. "కొమ్ములు పెట్టు, లేకపోతే వెతుక్కుంటుంది" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళు. నా ఉద్యోగం మొత్తంలో అంత చక్కగా పాఠం నడిచింది ఆ వరండాలోనే. యంత్రం లేని రోజుల్లోనే పిల్లలు కంప్యూటరు ఎలా ఆలోచిస్తుందో తెలుసుకున్నారు.

స్విచ్చి

పోగా పోగా విశ్వనాథంగారు కాస్త మెత్తబడి, వారానికి ఒక పీరియడు గది తెరవనిచ్చారు. అప్పుడు ఒక వింత మొదలైంది. పిల్లలు టైపు చేసినవి మాయమైపోయేవి. ఆ రోజుల్లో ఆ మిషన్లలో దాచుకునే వసతి లేదు. కరెంటు పోతే రాసినదంతా పోతుంది. కానీ ఫ్యాను తిరుగుతూనే ఉండేది, ఒక్క మిషను మాత్రం ఆరిపోయేది. వైరింగు అనుకున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "అంతా బాగానే ఉందండీ, మీరే ఏదో కంగారు పడుతున్నారు" అని వెళ్ళిపోయాడు.

ఒకరోజు నేను బయట కిటికీ దగ్గర నిలబడి ఉండగా చూశాను. ఒక పిల్ల తెర మీద ఇంగ్లీషులో తప్పు అన్న మాట వచ్చింది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, బల్ల పక్కనున్న స్విచ్చి టక్కున ఆపేసింది. ఆపి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది, పుస్తకానికి కాలు తగిలినప్పుడు చేసినట్టు. కాసేపటికి ఇంకో పిల్లా అదే పని చేసింది.

నాకు నవ్వు రాలేదు, దిగులు వేసింది. మా బళ్ళో తప్పు అంటే ఏమిటి? బెంచీ ఎక్కడం, చెయ్యి చాపడం, ఎర్ర సిరా. ఎవరూ చూడకముందే తప్పును తుడిచెయ్యాలని పిల్లలకు అన్ని క్లాసుల్లోనూ నేర్పి, కంప్యూటరు గదిలోకి వచ్చాక మాత్రం ధైర్యంగా తప్పు చేసి నేర్చుకోండి అంటే ఎలా కుదురుతుంది?

తర్వాత చాలా ఏళ్ళకు గుడివాడలో కొత్త మిషన్లు, మంచి గది, ఏసీ అన్నీ చూశాను. అక్కడి పిల్లలు మిషనుకు భయపడరు. కానీ తప్పు రాగానే పక్కవాడి తెర చూసి దించేస్తారు. కంప్యూటరు ఏం చెబుతోందో చదివే పిల్లలు అక్కడా తక్కువే. మనం నేర్పాల్సింది నిజానికి ఆ చదవడమే. మిగతాది పుస్తకం నేర్పుతుంది.

అధికారి వచ్చిన రోజు

ఆ ఏడాది జిల్లా నుంచి ఒక అధికారి వస్తున్నారని కబురు వచ్చింది. సరిగ్గా వాడని బళ్ళ నుంచి కంప్యూటర్లు తీసుకుపోతున్నారని అప్పటికే పుకారు. విశ్వనాథంగారికి కంగారు పట్టుకుంది. ఒక్కో పిల్లకు ఒక్కో ప్రోగ్రాము బట్టీ పట్టించమన్నారు.

"బట్టీ పడితే ప్రమాదం సార్. ఒక్క ప్రశ్న మార్చి అడిగితే దొరికిపోతాం" అన్నాను.

"బట్టీ పట్టకుండా ఏ చదువొచ్చిందమ్మా? నాకు వెయ్యి పద్యాలు నోటికొచ్చు. ఎలా వచ్చాయంటారు?"

ఆయన మాటలో అబద్ధం లేదు. కానీ పద్యం మధ్యలో ఎవరూ ఒక మాట మార్చి చదవమని అడగరు.

నాంచారి జ్ఞాపకశక్తి గొప్పది. ఒకసారి చూస్తే కామాలతో సహా తిరిగి రాసేది. ఆమెనే ముందు కూర్చోబెట్టారు. పదమూడో ఎక్కం తెర మీద వేసే ప్రోగ్రాము ఆమెది. అధికారి వచ్చారు, చెప్పులు విప్పమంటే విసుక్కుంటూ విప్పారు. నాంచారి గబగబా టైపు చేసింది. ఎక్కం తెర నిండా పరుచుకుంది. విశ్వనాథంగారి మొహం వెలిగిపోయింది.

"బాగుంది. పందొమ్మిదో ఎక్కం వెయ్యి" అన్నారు అధికారి.

ఒక్క అంకె మారిస్తే చాలు. కానీ నాంచారి మొదటి నుంచీ మళ్ళీ టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఆమెకు అదంతా కలిపి ఒకటే ముక్క. ఎక్కడో ఒక లైను వదిలేసింది. తెర మీద తప్పు అని వచ్చింది.

నేను నోరు తెరిచేలోపే ఆమె చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళిపోయింది. తెర నల్లబడింది.

అధికారి పెద్దగా నవ్వారు. "ఇదా మీ కంప్యూటరు చదువు?" అన్నారు. కొబ్బరినీళ్ళు తాగి, ఇంకో బడికి వెళ్ళిపోయారు. సాయంత్రానికి మమ్మల్ని మర్చిపోయే ఉంటారు. మిషన్ల కోసం ఎవరూ రాలేదు కూడా.

కానీ జీపు వెళ్ళాక విశ్వనాథంగారు నాంచారి ముందు నిలబడ్డారు. అరవలేదు. "నిన్ను నమ్మి కూర్చోబెట్టాను కదమ్మా" అన్నారు. అంతే. అందరినీ బయటికి పంపి, గదికి తాళం వేసి, ఇక ఈ గది తెరిచేది లేదన్నారు.

మర్నాటి నుంచి నాంచారి బడికి రాలేదు.

పల్లెలో

వారం చూశాను. తర్వాత బస్సు దిగి, కరకట్ట మీద నడిచి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. ఇసుకలో చేపలు ఆరబోసి ఉన్నాయి. నాంచారి వాళ్ళమ్మ వాటిని తిరగేస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని లేచింది.

"రండి టీచరమ్మగోరూ. ఎండన పడి వచ్చారా?"

"నాంచారి ఏదమ్మా? బడికి రావట్లేదేం?"

"ఏం వత్తాదండి? అయ్యగోరు ఆ మాటన్నాక ఏ మొకం పెట్టుకుని వత్తాది? మిషను పాడు చేసిందంటగా. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదండి. ఇంక సదువొద్దమ్మా, నీతోపాటు సేపలు ఆరబెట్టుకుంటానంటంది. నేను మాత్రం ఏం సెప్పనండి?"

నాంచారి గుడిసె పక్క నుంచి వచ్చింది. చేతుల నిండా ఉప్పు. నా మొహం చూడకుండా అడిగింది.

"టీచర్, అది మళ్ళీ వెలిగిందా?"

ఇదివరకు ఆపినవి మళ్ళీ వెలిగినా, ఈసారి ఆపగానే గదికి తాళం పడేసరికి ఈ పిల్ల అది పోయిందనే అనుకుంటోంది.

"వెలుగుతుందే పిచ్చిదానా. స్విచ్చి ఆపితే పాడవదు. నువ్వు రాసింది పోతుంది, అంతే."

"మీరు చూశారా?"

నేను చూడలేదు. గదికి తాళం ఉంది కదా. అబద్ధం చెప్పలేకపోయాను.

"నన్ను రమ్మనడానికి అంటున్నారు" అంది తల దించుకుని.

"రేపు వచ్చి నువ్వే చూడు. గది తీయిస్తాను. తీయకపోతే వెనక్కి వచ్చెయ్, మళ్ళీ నిన్ను అడగను."

మాట ఇచ్చేశాను గానీ తిరుగుబస్సులో నాకు భయం వేసింది. గది తెరుచుకోకపోతే ఈ పిల్ల చదువు ఆ చేపల దగ్గరే ఆగిపోతుంది. తెరిచే అధికారం నాది కాదు.

అవనిగడ్డలో దిగి నేరుగా విశ్వనాథంగారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పాను. పిల్ల బడి మానేసిందన్న సంగతి ఆయనకు తెలియదు. జ్వరమేమో అనుకున్నారట.

"నేను తిట్టలేదే" అన్నారు.

"తిట్టినా బాగుండేదండీ."

"వాళ్ళ నాన్న కాళ్ళు పట్టుకున్నంత పని చేసి తెచ్చాను ఆ పిల్లని" అన్నారాయన. గది తీస్తానని గానీ, తీయనని గానీ అనలేదు. నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

హెడ్మాస్టరుగారి మొదటి పాఠం

మర్నాడు నాంచారి వచ్చింది. తరగతిలోకి రాకుండా పంపు దగ్గరే నిలబడింది, కడుక్కున్న కాళ్ళే మళ్ళీ కడుక్కుంటూ. గంట కొట్టారు. విశ్వనాథంగారు గొడుగు మూలన పెట్టి, తిన్నగా కంప్యూటరు గది దగ్గరికి వెళ్ళారు. తాళం తీశారు. చెవి తాళానికే వదిలేసి లోపలికి వెళ్ళి, నాంచారి కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నారు.

"టీచరుగారూ, పిల్లలకు చెప్పినట్టే నాకూ చెప్పండి. నా పేరు దాని మీద రాయాలి."

పిల్లలంతా కిటికీల దగ్గర మూగారు. నాంచారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆయన పక్కన నిలబెట్టాను. స్విచ్చి వేశాను. తెర వెలిగింది. ఆ పిల్ల ఊపిరి వదలడం నాకు వినపడింది.

"ప్రింట్ అని కొట్టండి సార్. తర్వాత మీ పేరు."

ఆయన చూపుడువేలితో అక్షరం వెతుక్కుంటూ, వెతుక్కుంటూ కొట్టారు. పేరుకు కొమ్ములు పెట్టాలని నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. ఆయన పూర్తి చేసి, చివరి కీ నొక్కారు.

ఆ పేరు తనకు తెలియదని తెర మీద వచ్చింది.

దివిసీమలో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు. కిటికీల దగ్గర ఒక్క పిల్ల కూడా కదల్లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మా అందరి వైపూ ఒకసారి చూసి, ఏదో తోచక, చెయ్యి పక్కకు చాపారు. స్విచ్చి మీదికి.

నాంచారి ఆయన మణికట్టు పట్టుకుంది.

మా బళ్ళో హెడ్మాస్టరుగారిని ముట్టుకున్న పిల్ల అప్పటిదాకా లేదు.

"ఆపొద్దండీ" అంది. చెయ్యి వదల్లేదు. "ఆపితే పోద్దండీ. ఏం రాసిందో చూడండి."

ఆయన ఆమె వైపు చూశారు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"నువ్వే చదువమ్మా."

"ఆ పేరుతో పెట్టె లేదంటోందండీ. మీ పేరు పెట్టె పేరనుకుని వెతుక్కుంటోందండీ. అటూ ఇటూ కొమ్ములు పెట్టాలండీ."

"నిజమే" అన్నారు విశ్వనాథంగారు. "దానికి నేనెవరో ఎలా తెలుస్తుంది?"

కిటికీల దగ్గర ఎవరో నవ్వారు. ఆయనా నవ్వారు. కొమ్ములు ఎక్కడున్నాయో నాంచారి చూపించింది. పేరు తెర మీద వచ్చింది. ఆయన దాన్ని కాసేపు చూసుకుని లేచారు. "కూర్చో" అని నాంచారికి కుర్చీ వదిలి, ఉత్తరీయం సవరించుకుంటూ పదో తరగతికి పద్యం చెప్పడానికి వెళ్ళిపోయారు. తాళం చెవి తలుపుకే ఉండిపోయింది.

నాంచారి కూర్చుంది. ఏం రాయమంటారని నన్ను అడగలేదు. పందొమ్మిదో ఎక్కం మొదలుపెట్టింది. రెండో లైను దగ్గరే మళ్ళీ తప్పు వచ్చింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ, అది ఏం రాసిందో చదవడం మొదలుపెట్టింది.